మైనస్ బి అంటే బిల్డింగ్ కాదు

ఆ రోజుల్లో అలసటంటే నాకు ఉద్యోగం ఉన్నదనడానికి రుజువు. ఎవరైనా ఎట్లా ఉన్నావని అడిగితే, ఊపిరి సలపడం లేదని చెప్పడంలో కొంత గొప్ప కూడా ఉండేది. ఇరవై మూడేళ్లు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే రోడ్డులో, ఒక పక్క సందులో, నాలుగో అంతస్తులో నడిచే ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. (లిఫ్టు ఉండేది. దాని తలుపుకు "రిపేరులో ఉన్నది" అన్న బోర్డు నేను చేరకముందు నుంచీ వేలాడుతున్నదట.) జనగామ దగ్గర మా ఊర్లో అమ్మ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, తన బిడ్డ పట్నంలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్తదని చెప్పుకునేది. ఒకే పాఠాన్ని రోజుకు మూడుసార్లు చెప్తానని, మూడోసారి చెప్పేటప్పుడు నా గొంతు నాకే పక్కింటి రేడియోలా వినిపిస్తుందని నేను ఆమెకు చెప్పలేదు.

ఫస్టియర్‌కు మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో అరవై మంది. పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే సాయంత్రం దాకా నిలబడటమే. కుర్చీ ఉండేది గానీ లెక్చరర్ కూర్చుంటే పిల్లలు పడుకుంటారని మా ప్రిన్సిపాల్ నమ్మకం. ఆయనకు పిల్లలు పెట్టిన పేరు రిజల్ట్ సార్. ఏం చెప్పినా చివరికి "రిజల్ట్ ఏంది?" అని అడిగేవారు. కాళ్లు నొప్పులని చెప్పినా అదే ప్రశ్న. జూలైలో ఆయన ఒక పద్ధతి పెట్టారు. మొదటి చాప్టర్లు అయిపోగానే సోమవారం పొద్దున టెస్టు, పేపరు వేరే బ్రాంచి నుంచి వస్తుంది, ఆ మార్కులను బట్టి మూడు సెక్షన్ల పిల్లలనూ కలిపి మళ్లీ పంచుతారు. మంచి మార్కులవాళ్లు ఏ సెక్షన్, తక్కువవాళ్లు సి సెక్షన్. సి సెక్షన్‌కు ఎవరికి తీరిక దొరికితే వాళ్లు పోయి చెప్పాలి. ఎవరికీ తీరిక దొరకదని అందరికీ తెలుసు. ఇక లెక్చరర్ల సంగతి, దసరా తర్వాత ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని వద్దనాలో అప్పటి రిజల్ట్ చూసి చెప్తానన్నారు.

టెస్టులో ఉన్న నా చాప్టర్ వెక్టర్లు. పొడవుతోపాటు దిక్కు కూడా ఉన్న రాశిని వెక్టర్ అంటాం, దాన్ని బాణం గుర్తులాగా గీస్తాం. రెండు బాణాలను కలపాలంటే మొదటిదాని తల దగ్గర రెండోదాని తోక పెట్టి, మొదలు నుంచి చివరికి ఇంకో బాణం గీయాలి. అదే ఫలితం. తీసెయ్యాలంటే, తీసెయ్యాల్సిన బాణాన్ని వెనక్కి తిప్పి కలపాలి. ఇంతే. దీనికి ఒక అడ్డదారి కూడా ఉంది. ఏ, బి అనే రెండు బాణాల తోకలూ ఒకే చోట పెట్టి, రెండు తలలనూ ఒక గీతతో కలిపితే ఏ మైనస్ బి వచ్చేస్తుంది. కాకపోతే ఆ కొత్త గీతకు తల ఎటువైపు పెట్టాలన్నది తెలియాలి. అది ఏ అనే బాణం తల వైపుకు ఉండాలి. శనివారం నాడు నేను మూడు సెక్షన్లలోనూ, మూడుసార్లు, అందమైన రంగు చాక్‌పీసుతో, బి వైపుకు పెట్టాను.

ఎందుకు పెట్టానని ఇప్పటికీ ఆలోచిస్తాను. నిజం చెప్పాలంటే నేను చదువుకున్నప్పుడు ఈ బాణాలు నాకు ఎన్నడూ ఒంటబట్టలేదు. సూత్రం కంఠతా పట్టి, అంకెలు వేసి, జవాబు తెచ్చి, ఎమ్మెస్సీ దాకా వచ్చేశాను. గీయమని ఎవరూ అడగలేదు. (ఒక్కసారి అడిగారు. ఆ రోజు నాకు జ్వరం.) మొదటి పీరియడ్‌లో చెయ్యి ఎటు పోయిందో అటు గీశాను, తర్వాతి రెండు సెక్షన్లలో మొదటిసారి గీసినట్టే గీశాను.

మూడోసారి, ఆఖరి పీరియడ్‌లో, రెండో బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. ఆ పిల్లను స్టాఫ్‌రూంలో మేము డౌట్ల పిల్ల అనేవాళ్లం. శంకర్‌పల్లి నుంచి రోజూ ప్యాసింజర్ బండెక్కి నాంపల్లిలో దిగి నడిచొచ్చేది. వాళ్ల నాన్న అక్కడ కూరగాయల తోటల్లో పనికి పోయేవాడు. రోజుకు నాలుగు గంటలు ప్రయాణం చేసి కూడా ఆ పిల్లకు డౌట్లు అడిగే ఓపిక ఎక్కడిదో నాకు అర్థమయ్యేది కాదు.

"మేడం, ఏ లకెల్లి బి తీస్తే గిది మిగిలింది గద," అంది. "దీనికి మళ్ల బి కలిపితే ఏ రావాలె. నేను గీసి చూసిన. వస్తలేదు మేడం."

అప్పటికి సాయంత్రం నాలుగున్నర. పొద్దుటి నుంచి నేను కూర్చోలేదు. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు రాసుకొమ్మని, డౌట్లకు కూడా ఒక టైం ఉంటుందని, అందరికీ అర్థమైంది నీకెందుకు కాలేదని అన్నాను. అనేటప్పుడే నా గొంతు కొంచెం ఎక్కువ లేచిందని తెలిసింది. ఆ పిల్ల కూర్చుని నోట్సులో ఏదో తుడిచేసి, బోర్డు చూసి గీసుకుంది. బెల్లు కొట్టారు.

నాంపల్లి స్టేషన్ ముందు మెహదీపట్నం బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆ మాట మళ్లీ చెవిలో పడింది. పదిలోంచి ఆరు తీస్తే నాలుగు. నాలుగుకు ఆరు కలిపితే మళ్లీ పది. అది బాణాలకు ఎందుకు వర్తించదు? హాజరు కాగితం వెనక పెన్నుతో గీశాను. నేను బోర్డు మీద పెట్టిన బాణానికి బి ని కలిపితే ఏ రాలేదు, ఏదో సంబంధం లేని దిక్కుకు పోయింది. తల తిప్పి గీశాను. చక్కగా ఏ వచ్చింది. ఇంకోసారి గీశాను. మళ్లీ వచ్చింది. అప్పటికి రెండు బస్సులు పోయాయి. మెట్రో పని కోసం తవ్విన మట్టి పక్కన, దుమ్ములో నిలబడి, నూటెనభై మంది పిల్లలకు తప్పు నేర్పానని, సరిగ్గా అడిగిన ఒక్కదాన్నీ కసిరానని అర్థం చేసుకున్నాను.

మా లెక్కల సార్‌కు ఫోన్ చేశాను. ఇరవై ఏళ్లుగా ఇలాంటి కాలేజీల్లో చెప్తున్న మనిషి, కళ్లు తెరిచే నిద్రపోగలడని ఆయనకు పేరు. అంతా విని, ఆ టెస్టులో వెక్టర్ల తీసివేత వస్తుందో రాదో, వచ్చినా రెండు మార్కులదే కదా అన్నారు. ఎవరికీ చెప్పొద్దని, చెప్తే రిజల్ట్ సార్ చెవిన పడుతుందని, దసరాకు ఇంటికి పోవాల్సి వస్తుందని అన్నారు. చివరికి, "నువ్వు పోయి మంచిగ పడుకో. సోమారం నాటికి ఎవరికి యాదుంటది," అని పెట్టేశారు. ఆ సలహాలో మొదటి సగం చాలా మంచిది. నేను పాటించలేకపోయాను.

ఆదివారం పొద్దున స్టడీ అవర్ ఉండేది. దగ్గర్లో ఉండేవాళ్లు వచ్చేవారు, రైళ్లలో వచ్చే పిల్లలకు మినహాయింపు. ఎంతమంది వస్తే అంతమందికి సరిచేసి చెప్పి, మిగిలినవాళ్లకు సోమవారం అరగంట ముందొచ్చి చెబుదామని పోయాను. పోయేసరికి నలభై మంది పిల్లలు కింద ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ ఎవరిదో పెళ్లికి. రిజల్ట్ సార్ ఫోన్ మోగింది, ఆయన ఎత్తలేదు. పిల్లల ముఖాల్లో అప్పటికే సెలవు కళ వచ్చేసింది. ఇద్దరు ముగ్గురు అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే వైపు నడవడం మొదలుపెట్టారు. పది నిమిషాలు ఆగమని అందరినీ ఆపాను.

సందులో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. షట్టర్ల ముందు వెడల్పాటి ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది. నా సంచిలో చాక్‌పీసులున్నాయి. "నిన్న నేను చెప్పింది తప్పు," అన్నాను. "బాణం తల ఉల్టా పెట్టిన." వెనకనుంచి ఒక పిల్లాడు, అంటే నిన్న రాసుకున్నది కొట్టెయ్యాలా అని దిగులుగా అడిగాడు. వాడు అది మూడు రంగులతో రాసుకున్నాడట.

ఒక చోట ఇంటూ గుర్తు పెట్టాను. అక్కడినుంచి ఫుట్‌పాత్ వెంబడి స్టేషన్ వైపుకు నాలుగు అంగలు, అది ఏ. అదే చోటు నుంచి రోడ్డు మీదికి అడ్డంగా మూడు అంగలు, అది బి. ఒక పిల్లను నడిపించి చూపించాను. ఇప్పుడు ఏ లోంచి బి తీసెయ్యాలి. బి ని వెనక్కి తిప్పి, ఏ తల దగ్గర పెట్టాలి. బి రోడ్డు మీదికి పోయింది కాబట్టి మైనస్ బి దుకాణం వైపుకు పోవాలి. రెండు అంగలు ఫుట్‌పాత్ మీద పడ్డాయి, మూడోది గొడుగుల దుకాణం మెట్టెక్కి షట్టర్‌కు తగిలింది. అప్పటికి చాక్‌పీసులు అరిగిపోయాయి. ఎవరో తవ్వకాల దగ్గరి నుంచి ఎర్ర ఇటుక ముక్క తెచ్చిచ్చారు. దాంతో బాణం మొన షట్టర్ మీద గీసి, పక్కన పెద్ద అక్షరాలతో మైనస్ బి అని రాశాను. ఇంటూ గుర్తు నుంచి ఆ మొన దాకా ఏటవాలుగా ఫలితం, అంటే రిజల్టెంట్, గీసి, ఆర్ ఈజ్ ఈక్వల్ టు ఐదు అని రాశాను. పిల్లలకు ఊపొచ్చింది. ఎవరికివాళ్లు ఇటుక ముక్కలు తెచ్చుకుని, సందు పొడుగునా ఏలూ బీలూ ఆర్లూ గీశారు. పది నిమిషాల క్లాసు గంటన్నర నడిచింది. ఒక్కరూ వాచీ చూసుకోలేదు. నేను మెట్టు మీద కూర్చున్నాను కూడా. తుడవాలన్న ఆలోచన రాలేదు. వానాకాలం కదా, ఆకాశం నల్లగా ఉంది, వానే కడుగుతుందనుకున్నాను. నెలరోజులుగా రోజూ పడ్డ వాన ఆ ఒక్క ఆదివారం పడలేదు.

సోమవారం అనుకున్నట్టే అరగంట ముందొచ్చాను. సందులోకి అడుగుపెట్టలేకపోయాను. దుకాణాలవాళ్లంతా రోడ్డు మీదే ఉన్నారు. షట్టర్లు సగం ఎత్తి సగం దించి ఉన్నాయి. నాంపల్లి కోర్టు ముందు టైపు కొట్టే ఒకాయన మధ్యలో నిలబడి గుర్తులకు అర్థం చెప్తున్నాడు. ఇంటూ గుర్తు దగ్గర రోడ్డు వెడల్పు మొదలవుతుందట. ఆర్ అంటే రోడ్డు, ఐదు అంటే ఐదడుగులు. ఏ అంటే ఆక్విజిషన్, భూమి తీసుకోవడం. బి అంటే ఏందని ఎవరో అడిగితే, ఆయన షట్టర్ వైపు చూపించి, "బిల్డింగ్. మైనస్ పెట్టిన్రంటే తీసేస్తున్నట్టు," అన్నాడు. అంత సూటిగా, అంత తడబాటు లేకుండా ఆ గుర్తులను నేను కూడా వివరించలేదు. అప్పుడు మెట్రో రోజులు. ఏ గోడ మీద ఏ గీత కనిపించినా దానివెనక ఒక నోటీసు ఉండేది. ఏదో ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, వంగి గీత మీద వేలు రాసి చూసి, మా ఎరుపు గిట్లుండదని వెళ్లిపోయాడట. ఇంకో ఆఫీసాయన వచ్చి, తమది కాదని చెప్పలేనని, కనుక్కునేదాకా ఎవరూ చెరపొద్దని చెప్పి పోయాడట. దాంతో గీతలకు ఒక హోదా వచ్చింది. తొక్కకుండా పక్కనుంచి నడుస్తున్నారు.

నేను గుంపులోంచి జరిగి జరిగి మెట్లెక్కి నాలుగో అంతస్తు చేరేసరికి పేపర్లు పంచేశారు. ఒక్క నిమిషం పిల్లలతో మాట్లాడతానంటే రిజల్ట్ సార్ గుమ్మంలో నిలబడి పెదాల మీద వేలు పెట్టుకున్నారు. మొదటి పేజీలోనే ఉంది ప్రశ్న. ఏ నాలుగు, బి మూడు, లంబంగా. గీసి తీసివేయుము. డౌట్ల పిల్ల కిటికీ పక్కన తల వంచుకుని రాస్తోంది. నేను కిటికీలోంచి కిందికి చూశాను.

గొడుగుల దుకాణం పెద్దాయన తన షట్టర్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి. రోజూ పొద్దున నేను మెట్లెక్కేటప్పుడు ఆయన దుకాణం ముందు నీళ్లు చల్లుతూ కనిపించేవాడు. ఒళ్లో పాత గుడ్డసంచి, అందులోంచి తీసిన కాయితాలు. వాళ్ల నాన్న కాలంనాటివి, ఉర్దూలో ఉన్నవి, మడతల దగ్గర చిరిగినవి. దారినపోయేవాళ్లలో చదవగలిగేవాళ్లు కనిపిస్తే ఆపి చూపిస్తున్నాడు. ఒకసారి లేచి, షట్టర్ మీది బాణం మొన నుంచి లోపలికి జానతో కొలిచాడు. మళ్లీ కూర్చున్నాడు. సంచిలోంచి ఇంకో కాయితం తీసి విప్పాడు.

లెక్కల సార్ పక్కకొచ్చి నిలబడ్డారు. ఆయనకు అప్పటికే అంతా తెలుసు. రెండు రోజుల్లో వాన పడుతుందని, గీతలు పోతాయని, గీతలతోపాటు భయమూ పోతుందని మెల్లగా చెప్పారు. ఆయన మాట తప్పని నేననలేను. కానీ నిన్న నలభై మంది ముందు ఒప్పుకున్నాను, ఈరోజు ఇంకోసారి ఒప్పుకోవాలంటే ఒంట్లో సత్తువ లేదని నాకు ఏడుపు వచ్చింది. బెల్లు కొట్టగానే పేపర్లు ఆయన చేతిలో పెట్టి కిందికి దిగాను.

పెద్దాయన ముందు నిలబడి, "బాపూ, గీ గీతలు నేనే గీసిన. పిల్లలకు పాఠం చెప్పిన. ఎవ్వరూ ఏం కూలగొడ్తలేరు," అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూసి, నువ్వు పై కాలేజీ పిల్లవు కదా, నా బీపీ చూసి ఎవరో నిన్ను పంపినట్టున్నారన్నాడు. నమ్మలేదు. టైపాయన అయితే, ఫిజిక్స్‌లో ఇంటూలు, బాణాలు ఎందుకుంటాయని నన్ను అడ్డప్రశ్నలు వేశాడు. చుట్టూ ముప్పై మంది. నమ్మించడానికి ఒకటే దారి కనిపించింది. పాఠం మళ్లీ చెప్పడం. చాక్‌పీసు లేదు. దుకాణంలోంచి రెండు పొడుగు గొడుగులు ఇమ్మన్నాను.

గొడుగు మొన తల, వంకర పిడి తోక అనుకోమన్నాను. ఒక గొడుగును ఏ గీత మీద పెట్టాను. రెండోదాన్ని బి గీత మీద, మొన రోడ్డు వైపుకు పెట్టి, దీన్ని తీసెయ్యాలంటే వెనక్కి తిప్పాలని చెప్పాను. ఆయన స్టూలు దిగి, నేల మీద గొంతుక్కూర్చుని, తన చేత్తోనే ఆ గొడుగును తిప్పాడు. పిడిని తీసుకెళ్లి మొదటి గొడుగు మొనకు ఆనించాడు. యాభై ఏళ్లు గొడుగులు పట్టుకున్న చేతులు, ఒక్క వెంట్రుకవాసి తేడా రాలేదు. తిప్పిన గొడుగు మొన సరిగ్గా షట్టర్ వైపుకు చూపిస్తోంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. మా ఏ సెక్షన్‌లో కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

"అంటే గిది నా దుకాణంలకు కావాలని రాలే," అన్నాడు.

"లేదు బాపూ. బి రోడ్డు మీదికి పోయింది కాబట్టి, మైనస్ బి ఇటు వచ్చింది."

"మరి ఆ బి నే ఇటు గీసి, మైనస్ బి ని రోడ్డు మీదికి పంపకపోయినవ్ బిడ్డా?"

ముప్పై మందిలో ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, టైపాయన తప్ప. ఆయన, ఏదైనా సరే లిఖితపూర్వకంగా రాసివ్వమన్నాడు. పెద్దాయన కాయితాలను మళ్లీ మడతల ప్రకారం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆదివారం పూట పాఠమెందుకని ఆయన అడిగితే నేను ఇంకో సంగతి కూడా చెప్పాను, ఇదంతా శనివారం నేను తప్పు చెప్పడం వల్ల వచ్చిందని. ఆయన నిట్టూర్చి, మొదటిసారే సరిగ్గా చెప్పి ఉంటే పొద్దుటి నుంచి రెండు గోలీలు మింగే పని తప్పేదన్నాడు.

సరిగ్గా అప్పుడే రిజల్ట్ సార్ దిగివచ్చారు. తమ ఫిజిక్స్ లెక్చరర్ ఫుట్‌పాత్ మీద గొడుగుల మధ్య గొంతుక్కూర్చుని ఉండటం చూసి ఆయన మొదటిసారి రిజల్ట్ ఏందని అడగలేదు. దుకాణాలవాళ్లు చెప్పింది అరగంట విన్నారు. మధ్యాహ్నం క్లాసులు లెక్కల సార్‌కు అప్పగించి, నేను బకెట్టూ కొబ్బరిపీచూ పట్టుకుని సందంతా కడిగాను. పెద్దాయన రెండు బకెట్ల నీళ్లు తోడిచ్చి, "నీ గొంతు పోయింది, జర తేనె నీళ్లు తాగు," అని మాత్రం అన్నాడు. చాక్ గీతలు పోయాయి. షట్టర్ మీది ఇటుక రంగు ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

మర్నాడు పేపర్లు దిద్దాను. ఆదివారం వచ్చిన నలభై మందీ సరిగ్గా గీశారు. మిగిలినవాళ్లలో దాదాపు అందరూ, తలను బి వైపుకు పెట్టి, నేను బోర్డు మీద గీసినంత అందంగా గీశారు. నేను చెప్పిన ఏ పాఠాన్నీ అంతమంది అంత నమ్మకంగా నేర్చుకోలేదు. డౌట్ల పిల్ల పేపరు వచ్చింది. బాణం బి వైపుకే ఉంది. కానీ కింద రబ్బరుతో తుడిచిన పెన్సిల్ జాడ కనిపిస్తోంది. ముందు గీసింది సరైనది. ఆ రెండు మార్కులు పోతే మొత్తం లెక్కలో ఆ పిల్ల సి సెక్షన్‌కు పోతుంది.

పిలిపించాను. స్టాఫ్‌రూం గుమ్మంలోనే నిలబడింది. ముందు సరిగ్గానే గీశావు కదా, ఎందుకు తుడిచేశావని అడిగాను.

"మీరు చెప్పిన్రు గద మేడం," అంది. "నాదే తప్పైతదనుకున్న."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. అది ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది. శనివారం నువ్వు అడిగిందే సరైనదని, తప్పు నాదని చెప్పాను. ఆ పిల్ల, అయితే కలిపి చూసుకునే పద్ధతి మంచిదేనా మేడం, మిగతావాటికి కూడా వాడుకోవచ్చా అని అడిగింది. వాడుకోమన్నాను. బండికి టైమైతుందని వెళ్లిపోయింది.

ఆ పేపర్ల కట్ట పట్టుకుని రిజల్ట్ సార్ గదిలోకి పోయాను. మూడు రోజుల్లో మూడో ఒప్పుకోలు. (రెండోదానికి ఏడుపొచ్చింది, మూడోదానికి కూర్చోమంటే బాగుండుననిపించింది, అంతే.) తప్పు నేర్పింది నేను, కాబట్టి ఆ ప్రశ్నకు పిల్లల మార్కులు కొయ్యొద్దన్నాను. ఆయన చాలాసేపు పేపర్లు తిరగేశారు. అరిచి ఉంటే బాగుండేది. కళ్లజోడు తీసి, తానూ ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పేవాడినని, రోజుకు తొమ్మిది పీరియడ్లని, ఏం చెప్పానో యాదిలేని రోజులు ఉండేవని, ఎవరితోనో చెప్తున్నట్టు చెప్పారు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని మళ్లీ రిజల్ట్ సార్ అయిపోయారు. ఆ ప్రశ్నకు మార్కులు పోయినవాళ్లందరికీ ఆ రెండూ కలపమన్నారు. తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియొద్దన్నారు. దసరా దాకా ప్రతి ఆదివారం స్టడీ అవర్ నాదేనన్నారు. దసరా తర్వాత సంగతి అప్పుడు చూద్దామన్నారు. ఆ "చూద్దాం" ఎట్లాంటిదో నాకు అక్కడే అర్థమైంది.

బుధవారం మూడు సెక్షన్లలోనూ తప్పు ఒప్పుకుని, డౌట్ల పిల్లను బోర్డు దగ్గరికి పిలిచి గీయమన్నాను. చాక్‌పీసు గట్టిగా పట్టుకుని, చిన్నగా గీసింది, వెనక బెంచీలకు కనిపించలేదు. పెద్దగా గీయమంటే బోర్డంతా గీసింది. ఆ పిల్ల సి సెక్షన్‌కు పోకుండా బి సెక్షన్‌లో నిలిచింది, రైలు ఆలస్యమైన రోజుల్లో మొదటి పీరియడ్ సగంలో వచ్చి, కూర్చోకముందే చెయ్యెత్తేది. దసరా సెలవులకు నేను ఊరికి పోయాను. సెలవులైపోయాక కాలేజీ నుంచి ఫోన్ రాలేదు. అమ్మ పది రోజులు చూసి, ఈసారి సెలవులు ఎక్కువిచ్చిన్రా అని అడిగింది. ఔనన్నాను. ఆ పది రోజులూ నేను పడుకున్నంతగా మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ పడుకోలేదని ఆమె ఇప్పటికీ చెప్తుంది.

తర్వాత పరీక్ష రాసి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేరాను. ఇక్కడా పీరియడ్లున్నాయి, ఇక్కడా మోకాళ్లున్నాయి. సాయంత్రం పూట ఎవరైనా చెయ్యెత్తితే ఇప్పటికీ ముందు చిరాకే వస్తుంది, దాచుకోవడం మాత్రం నేర్చుకున్నాను. ఒక్కోసారి ఆ ఇరవై మూడేళ్ల అమ్మాయి గుర్తొస్తుంది. భుజాన సంచి, వేళ్లకు సున్నం, లోకంలోని ఫిజిక్సంతా తన మీదే ఆధారపడి ఉన్నట్టు ముఖం. ఎదురుపడితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తాను. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఒక చాయ్ తెప్పిస్తాను. అది చల్లారేలోపు నా భుజం మీద నిద్రపోతుంది, నేను కదలకుండా కూర్చుంటాను.